ఏడున్నర దయ్యం

తలుపు తీసిన ప్రణీత, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి మళ్లీ వేసేసింది.

బయట ఉన్నది ఒక యువకుడు. ఒక చేతిలో నల్ల సూట్‌కేసు, ఇంకో చేతిలో ఎర్రలైట్లు మిణుకుమనే మీటరు. మెడలో వేలాడే కార్డు మీద దయ్యాలను పరిశోధించే వాలంటీర్ల బృందం పేరు, దాని కింద అతని పేరు. రఘువీర్.

ఆమె ఆ బృందానికి ఈమెయిల్ పెట్టి నాలుగు రోజులైంది. జవాబు కింద ఆర్.వి. అని ఉంటే ఎవరో రాబర్ట్ అయి ఉంటాడనుకుంది.

"మీరు తెలుగువాళ్లా?" తలుపు వెనక నుంచే అడిగింది.

"ఔనండీ. నిజామాబాద్. ఏమన్నా తప్పా?"

"తెలుగువాళ్లయితే వద్దండీ. రేపటికల్లా షామ్‌బర్గ్ అంతా తెలిసిపోతుంది. ఇండియన్ స్టోర్‌కి కరివేపాకు కోసం కూడా వెళ్లలేను."

 బయటినుంచి అతని గొంతు నెమ్మదిగా వినిపించింది.

"మరి మీ దయ్యం ఏ భాష మాట్లాడుతదో తెలిసిందా? తెలుగైతే కష్టం. మా టీమ్‌లో తెలుగొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే."

తలుపు గొలుసు పట్టినంత మేర తెరుచుకుంది.

"ఎవరికీ చెప్పరుగా?"

"చెప్తే టీమ్‌లోంచి తీసేస్తరు. అయినా నేను చెప్తే నమ్మేదెవరు? శని ఆదివారాలు దయ్యాల కోసం తిరుగుతనంటే మా రూమ్మేట్ సాయి తేజనే నమ్మడు. ఎవరో అమ్మాయి కోసం పోతున్న అనుకుంటడు."

ప్రణీత నవ్వలేదు. గొలుసు మాత్రం తీసింది.

అక్టోబర్ చివరి ఆదివారం అది. ఐదు రోజుల్లో హాలోవీన్, అమెరికావాళ్ల దయ్యాల పండగ. వీధిలో ప్రతి ఇంటి మెట్ల మీదా కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయలున్నాయి. పక్కింటివాళ్లు చెట్టుకి ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని కట్టారు. అలంకరణ ఏమీ లేనిది ప్రణీత ఇల్లొక్కటే. నిజంగా భయపడుతున్న ఇల్లు కూడా అదొక్కటే.

రఘువీర్ వంటింటి బల్ల ముందు కూర్చుని నోట్‌బుక్ తెరిచాడు.

"ఎప్పటినుంచి వస్తున్నదండీ?"

"నేను విన్నది ఈ నెల మొదటినుంచి. అంతకుముందు రోజూ ఆఫీస్‌కి వెళ్లేదాన్ని, ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటేది. శని ఆదివారాలూ సాయంత్రాలు బయటే గడిపేదాన్ని. ఈ నెలనుంచే వర్క్ ఫ్రమ్ హోమ్."

"ఏ టైమ్‌కి వస్తది?"

"సాయంత్రం ఏడున్నరకి."

"అంటే సుమారుగా?"

"సుమారుగా కాదు. సరిగ్గా ఏడున్నరకి."

రఘువీర్ తలెత్తాడు. "మా ఆఫీస్‌లో ఇంత పంక్చువల్ మనిషి ఒక్కడు లేడండీ."

అతను ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. దయ్యాన్ని కూడా బగ్‌ని చూసినట్టే చూస్తాడు. ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లొచ్చింది, అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి, అన్నీ రాసుకుంటాడు. తర్వాత ఒక్కొక్కటే ఆపి చూస్తాడు.

"ఇప్పటిదాకా ఎన్ని దయ్యాల్ని పట్టుకున్నారు?" అడిగింది ప్రణీత.

"ముప్ఫై ఒక్క ఇళ్లు చూసిన. ఒక్కటి దొరకలే. అటకల్లో దూరిన పిల్లిలాంటి రకూన్లు దొరికినయి, వదులైన పైపులు దొరికినయి. ఒక ఇంట్లో పాటలు పాడే బొమ్మ దొరికింది, పాపం, పెట్టెలో పెట్టి మర్చిపోయిన్రు."

"మరెందుకు తిరగడం?"

"సంగతి తెలిశాక వాళ్ల ముఖం చూడాలండీ. ఓస్ ఇంతేనా అంటరు. ఆ ముఖం కోసం పోత."

అతని మీటరు ఉన్నట్టుండి ఎర్రగా వెలిగి కీచుమంది. ప్రణీత కుర్చీలోంచి లేచింది.

"భయపడకండి. ఫ్రిజ్ పక్కన పెడితే ఇట్లనే అంటది. లోపల ఏమున్నది?"

"నాలుగు రోజుల కిందటి పప్పు."

"అయితే మీటర్ తప్పు లేదు."

ఈసారి ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. నవ్వు అనడానికి చాలదు. రఘువీర్ మాత్రం దాన్ని గమనించాడు.

ఏడున్నర అయింది.

సన్నగా మొదలైంది ఆ శబ్దం. దూరంగా ఎవరో గొంతు పట్టేసి పిలుస్తున్నట్టు, పిలుపు మధ్యలో తెగిపోయి మళ్లీ అందుకున్నట్టు. వంటింట్లో ఉంటే హాల్లోంచి వస్తున్నట్టుంది. అతను హాల్లోకి పరిగెత్తితే మెట్ల మీదనుంచి వచ్చింది. మెట్లెక్కితే కింద నుంచి వినిపించింది. నిమిషం గడవగానే ఆగిపోయింది.

మేడమీద మూసి ఉన్న ఒక తలుపు ముందు అతను నిలబడ్డాడు.

"ఈ గదిలో?"

"అది వద్దు," అంది ప్రణీత మెట్ల కిందనుంచి.

"ఒక్కసారి చూసి..."

"వద్దన్నాను కదండీ."

అతను చేతిని తలుపు పిడి మీదనుంచి తీసేశాడు. మళ్లీ అడగలేదు.

వెళ్లేముందు ఆమె తనే చెప్పింది. "వేరే రాష్ట్రం, ప్లేనోలో ఉన్న మా ఆఫీస్‌కి ట్రాన్స్‌ఫర్ ఇస్తామన్నారు. నవంబర్ మూడు, సోమవారంలోగా చెప్పాలి. ఈ ఇల్లు ఖాళీ చేసేద్దామనే అనుకుంటున్నాను. కానీ అదేమిటో తెలుసుకోకుండా వెళ్లలేను."

"వెళ్లిపోయేటోళ్లు తెలుసుకొని ఏం చేస్తరు?"

ప్రణీత వెళ్లి తలుపు తీసి పట్టుకుంది.

సోమవారం సాయంత్రం ఏడుంపావుకి కాలింగ్ బెల్ మోగింది.

"దయ్యాలు శని ఆదివారాలే అన్నారు?" తలుపు తీస్తూ అడిగింది.

"మీది వారమంతా డ్యూటీ చేస్తున్నది కదండీ. నాకు సిగ్గేసింది."

ఆ వారమంతా వచ్చాడు. మంగళవారం ఫ్రిజ్ ఆపాడు. బుధవారం వైఫై ఆపాడు. గురువారం మెయిన్ స్విచ్చే తీసేస్తే, ఇద్దరూ చీకట్లో ఫోన్ లైటు పెట్టుకుని పెసరట్లు తిన్నారు. దయ్యం కరెంటు లేకపోయినా వచ్చింది. రఘువీర్ ఆ రోజు గోడ పక్కన నేలకి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏమైనా తెలిసిందా?"

అతను లేచి, మేడ వైపు ఒకసారి చూసి, మోకాళ్లు దులుపుకున్నాడు. "ఇంకొక రోజు చూద్దామండీ."

శుక్రవారం హాలోవీన్. చీకటి పడకముందే పిల్లలు వేషాలతో వీధిలోకి వచ్చేశారు. ప్రణీత చాక్లెట్ల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సన్నగా తుంపర పడుతోంది. పక్కింటి ఇషాకి ఏడేళ్లు. మంత్రగత్తె టోపీ పెట్టుకుని వచ్చి రఘువీర్‌ని ఎగాదిగా చూసింది.

"అంకుల్, మీరు ఏం కాస్ట్యూమ్ వేసింది?"

"సాఫ్ట్‌వేర్ ఇంజనీర్."

"దట్స్ నాట్ స్కేరీ."

"రిలీజ్ ముందు రోజు వచ్చి నా ముఖం చూడు."

ప్రణీత పైకే నవ్వేసింది. ఆ నవ్వు వాళ్లిద్దరికీ కొత్తగా అనిపించింది. వానచుక్క ఒకటి ఆమె కనురెప్ప మీద పడితే తుడుచుకోవడం మర్చిపోయింది. రఘువీర్ చాక్లెట్ విప్పుతున్నవాడల్లా విప్పడం మర్చిపోయాడు.

అప్పుడే ఏడున్నర అయింది. ఇంట్లోంచి ఆ శబ్దం మొదలైంది.

రఘువీర్ ఆ సరదాలోనే అన్నాడు. "వినండి, ఎవరో పిలుస్తున్నట్టే లేదా? ఎంతసేపు ఫోన్ చేసినా ఎత్తకపోతే విసుక్కున్నట్టు..."

ప్రణీత గిన్నెను మెట్టు మీద పెట్టింది. గిన్నె పక్కకి ఒరిగి చాక్లెట్లు కొన్ని కింద పడ్డాయి.

"మీరు వెళ్లిపోండి."

"ఏమైందండీ?"

"వెళ్లమన్నాను."

అతను కదల్లేదు. ఏం తప్పు జరిగిందో తెలియక అలాగే నిలబడ్డాడు. లోపల శబ్దం ఆగింది. అది ఆగాకే ఆమె మాట్లాడింది, వీధి వైపు చూస్తూ.

"పోయినేడాది నవంబర్‌లో అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఇక్కడ ఉన్నారు. ఏప్రిల్‌లో కాకినాడ వెళ్లిపోయారు. జూలైలో ఒకరోజు సాయంత్రం ఏడున్నరకి నాన్న ఫోన్ చేశారు. నేను మీటింగ్‌లో ఉన్నాను. కట్ చేశాను. తర్వాత చేద్దామనుకున్నాను." చెంప మీది తుంపర తుడుచుకుంది. "రెండు గంటల తర్వాత అమ్మ చేసింది. వాకింగ్‌కి వెళ్లి పార్కులో బల్ల మీద కూర్చున్నారట. మళ్లీ లేవలేదు."

రఘువీర్ చేతిలోని చాక్లెట్‌ని గిన్నెలో పెట్టేశాడు.

"ఆయనేం చెప్పాలనుకున్నారో నాకు తెలీదు. అది ఏడున్నరకే ఎందుకు వస్తుందో మీరు రాసుకున్నారు కదా. నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఆ గది నాన్నది."

  రఘువీర్ వంగి, పడ్డ చాక్లెట్లు ఏరి గిన్నెలో వేశాడు.

"మీరు లోపలికి పొండి. పిల్లలకి నేనిస్త."

గంటన్నరసేపు అతను ఆ తుంపరలో మెట్ల మీదే కూర్చున్నాడు. వీధిలో వేషాలన్నీ ఇళ్లకి వెళ్లిపోయాక, ఖాళీ గిన్నెను తలుపు దగ్గర పెట్టి, బెల్ కొట్టకుండా వెళ్లిపోయాడు. కిటికీ తెర పక్కనుంచి ప్రణీత అతని కారు మలుపు తిరిగేదాకా చూసింది.

శనివారం "రావచ్చా?" అని మెసేజ్ పెట్టాడు. ఆమె మూడుసార్లు జవాబు టైప్ చేసి మూడుసార్లూ చెరిపేసింది. ఏడున్నరకి దుప్పటి కప్పుకుని చెవులు మూసుకుంది.

ఆదివారం తెల్లవారేసరికి, ఏటా చలికాలానికి చేసినట్టే, అమెరికాలో గడియారాలన్నీ ఒక గంట వెనక్కి జరిగాయి. సాయంత్రం ఐదు దాటకముందే చీకటి పడింది. ప్రణీత ప్లేనో మెయిల్ తెరిచి పెట్టుకుంది. 'అంగీకరిస్తున్నాను' అని రాసింది. పంపలేదు.

ఆరున్నరకి ఇల్లు పిలిచింది.

 ఇన్నాళ్లూ ఏడున్నరకి వచ్చేది. దానికో లెక్క ఉండేది. ఇప్పుడు ఆ లెక్క కూడా తప్పింది. ఫోన్ తీసి, ఆలోచించకుండా అతని పేరు నొక్కింది.

"ఇవాళ ఆరున్నరకే వచ్చిందండీ."

"వస్తున్న," అన్నాడు రఘువీర్.

ఇరవై నిమిషాల్లో వచ్చాడు. ఒక కాలికి నల్ల సాక్సు, ఇంకోదానికి తెల్లది. సూట్‌కేసు తేలేదు.

"సరిగ్గా ఆరున్నరా?"

"సరిగ్గా ఆరున్నర."

"ఇంట్లో గడియారాలు ఎవరు మార్చిన్రు?"

"ఫోన్, లాప్‌టాప్ వాటంతటవే మారాయి. స్టవ్ మీదది పొద్దున్న నేను మార్చాను. ఇప్పుడు అదెందుకు?"

అతను మెట్ల మీద కూలబడ్డాడు. ముఖం మెల్లగా వెలుగుతోంది.

"అది గంట ముందు రాలేదండీ. నిన్న వచ్చిన టైమ్‌కే వచ్చింది. మారింది మనం. ఇల్లంతా గంట వెనక్కి పోయింది, అదొక్కటి పోలే. అంటే ఎవరూ మార్చనిది ఏదో ఈ ఇంట్లో ఉన్నది."

"ఎవరూ మార్చనిది..." ప్రణీత ఆ మాటను మళ్లీ అంది. నెమ్మదిగా మెట్టు అంచు పట్టుకుని కూర్చుంది.

"నాన్న గడియారం మార్చేవారు కాదు. ఇక్కడున్న ఆర్నెల్లూ ఇండియా టైమే ఉంచుకున్నారు. మీ టైమ్ నాకెందుకమ్మా, అనేవారు. పాపయ్య గారని నాన్న స్నేహితుడు. ఆయన, ఇంకో నలుగురు పొద్దున్న ఆరింటికి ఇళ్లలోంచి బయల్దేరి పార్కులో కలుస్తారు. ఆ టైమ్‌కి నాన్న ఇక్కడనుంచి వీడియో కాల్‌లో వాళ్లతో వాకింగ్ చేసేవారు, ఈ హాల్లోనే అటూ ఇటూ. నేను ఇంటికొచ్చేసరికి అయిపోయేది."

"ఇప్పుడు మనకి ఆరున్నర అంటే ఇండియాలో ఎంత?"

ఆమెకి లెక్క అక్కర్లేదు. "పొద్దున్న ఆరు."

ఇద్దరూ ఒకేసారి మేడ వైపు చూశారు.

"నేను తెరవను," అన్నాడు రఘువీర్. "మీరు తెరిస్తే పక్కన ఉంట."

ప్రణీత లేచింది. తలుపు పిడి తిప్పేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

గదిలో అమృతాంజనం వాసన ఇంకా కొద్దిగా ఉంది. మంచం పక్కన, నేలమీద పరుపు చుట్టి ఉంది. మంచం మరీ మెత్తగా ఉందని నాన్న కిందే పడుకునేవారు. ఆయన తల పెట్టుకునే వైపు, గోడ పక్కన నేలలో, వేడిగాలి వచ్చే ఇనుప జల్లెడ ఉంది.

రఘువీర్ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు. లోపల ఎర్రగళ్ల తువ్వాలు ఒకటి కుక్కి ఉంది.

"గాలి ముఖానికి కొడుతుందని రోజూ గొణిగేవారు," అంది ప్రణీత. "ఇలా చేశారని నాకు తెలీదు."

ఆమే మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలు బయటికి లాగింది. దాని కింద, తువ్వాలు కుక్కేటప్పుడు జారిపడినట్టు, రేకు గొట్టం మలుపులో ఏదో ఎర్రగా మెరిసింది. చెయ్యి భుజందాకా పెట్టి అందుకుంది.

అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ గడియారం. పైన ఎర్ర తురాయితో ఒక కోడిపుంజు. అంకెలు మసగ్గా కనిపిస్తున్నాయి. ఆరు ముప్పావు, పొద్దున్న.

రఘువీర్ కోడి తల మీద నొక్కాడు. సెల్ నీరసించిన ఆ పుంజు కొక్కొరొకో అనబోయి, సగంలో గొంతు పట్టేసి, మూలిగి, మళ్లీ అందుకుంది. గొట్టాల్లోంచి ఇల్లంతా తిరిగినందుకు అదే ఎవరో పిలిచినట్టు వినిపించింది. ఇక్కడ, చేతిలో, అది జలుబు చేసిన కోడి.

ప్రణీత దాన్ని చూసింది. ముందు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. రెండింటిలో దేన్నీ ఆపుకోలేదు.

"అమ్మకి చూపించాలి," అంది.

అమ్మ రాజేశ్వరమ్మ కాకినాడలో కాఫీ గ్లాసుతోనే ఫోన్ ఎత్తింది.

"ఏమ్మా, ఇవాళ పెందరాళే చేశావు?"

"అమ్మా, ఇది చూడు."

"అయ్యో, కోడి! దొరికిందా! ఎక్కడే? బయల్దేరే రోజు పొద్దున్నుంచీ వెతికారు. సూట్‌కేసులన్నీ విప్పించారు నాచేత. పాపయ్య గారి బ్యాచ్ అంతా కలిసి ఇచ్చారు కదా అది, అమెరికాలో లేటుగా లేస్తావేమోనని." అమ్మ నవ్వింది. తర్వాత గ్లాసు కింద పెట్టింది. "ఆ రోజు పొద్దున్న నీకు ఫోన్ చేసింది కూడా దీనికోసమే."

ప్రణీత ఫోన్‌ని దగ్గరికి తీసుకుంది. "దేనికోసం?"

"మేమిచ్చిన కోడి ఏదయ్యా అని ముందురోజు పాపయ్య గారు నిలదీశారట. అమ్మాయిని అడుగుతానని నీకు చేశారు. నువ్వు కట్ చేశావు చూడు."

"కట్ చేశానమ్మా."  ఈ మాట అమ్మతో అనడం ఇదే మొదటిసారి.

"చేస్తే మురిసిపోయారే! చూశావా రాజేశ్వరీ, మన పిల్ల మీటింగ్‌లో ఉంది, నా ఫోనే కట్ చేసేంత పెద్దదైపోయింది, అని. కోడి సంగతి సాయంత్రం అడుగుతాలే అన్నారు. నవ్వుకుంటూనే చెప్పులేసుకుని వెళ్లారు."

  గడియారంలో రెండు చుక్కలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి.

జూలైనుంచి ఆమె భుజాల మీద ఉన్నదేదో కిందికి దిగింది. ఓస్, ఇంతేనా. ఆయన విసుక్కోలేదు. కోడిని అడగాలనుకున్నారు, అంతే.

ఆ ముఖం కోసమే రఘువీర్ ముప్ఫై ఒక్క ఇళ్లు తిరిగాడు. తీరా అది ఎదురుగా కనిపించేసరికి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"ఆ వెనకాల ఎవరమ్మా?" అంది రాజేశ్వరమ్మ.

"దయ్యాలు పట్టే ఆయనమ్మా."

"ఆఁ?"

"నమస్తే ఆంటీ. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌నే. దయ్యాలు శని ఆదివారాలు."

"వారమంతా వచ్చాడమ్మా," అంది ప్రణీత.

అమ్మ ఫోన్‌ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చూపు సాక్సుల దగ్గర ఆగింది.

"తెలుగబ్బాయే! భోజనం చేశావా బాబూ?"

"ఇంకా లేదు ఆంటీ."

"ఏమే, చలిలో వచ్చిన పిల్లాడిని ఆకలితో నిలబెట్టి నాకు కోడిని చూపిస్తున్నావా? ముందు అన్నం పెట్టు. మీ నాన్న ఉంటే ఈపాటికి ఈ అబ్బాయిని పాపయ్య గారి బ్యాచ్‌కి పరిచయం చేసేసేవారు. రేపు నేను పార్కుకి వెళ్లి చెబుతాను, కోడి దొరికిందని. దాంతోపాటు ఏం దొరికిందో కూడా చెప్పమంటావా?"

"అమ్మా!" అని ఫోన్ పెట్టేసింది ప్రణీత. ఆమె చెవులు పుంజు తురాయి రంగులోకి వచ్చాయి.

వంటింట్లో అన్నం పెట్టుకున్నాక రఘువీర్ జేబులోంచి మడతపెట్టిన ఫారం తీశాడు.

"ముప్ఫై రెండో ఇల్లు. దయ్యం లేదు. కింద మీ సంతకం కావాలె. కేస్ క్లోజ్."

"పెడితే?"

"మళ్లీ నేను రావద్దు. రూల్."

"పెట్టకపోతే?"

"ఓపెన్‌లో ఉంటది. రోజూ ఆరున్నరకి వచ్చి చూసుకోవాలె." అతను కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఒకటి చెప్పాలండీ. గొట్టంలోంచి వస్తున్నదని నాకు గురువారమే అనుమానం వచ్చింది. ఆ గదిలోదే అని కూడా. అడగలేకపోయిన. ఆ తలుపు మీరు తెరవాల్సింది అనిపించింది. అది ఒకటి."

"రెండోది?"

"తెలిసిపోతే మీ ఇంటికి రావడానికి నాకు పని ఉండదు. నాకు రావాలని ఉన్నది. పని లేకున్నా."

ప్రణీత చాలాసేపు ఆ కాగితాన్ని చూసింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, కోడి గడియారం కింద ఉంచింది.

"కేసు ఇంకా తేలలేదండీ."

"మరి ప్లేనో?"

"రానని రాస్తాను." పప్పు గిన్నె అతని వైపు జరిపింది. "వేసుకోండి. ఇవాళ్టిదే."

సోమవారం ఆమె ఆ మెయిల్ చెరిపేసి రెండు వాక్యాల్లో ఇంకొకటి పంపింది. మధ్యాహ్నం బయటికి వెళ్లి ఒక సెల్ కొనుక్కొచ్చి గడియారంలో వేసింది. టైమ్ మార్చలేదు.

ఆరున్నరకి వంటింట్లో పుంజు గొంతు నిండా కూసింది. ఆ కూత ఆగకముందే కాలింగ్ బెల్ మోగింది. రెండు సాక్సులూ ఒకే రంగువి.

ఈసారి తలుపు తీసిన ప్రణీత దాన్ని మళ్లీ వెయ్యలేదు.